ముఖం చూపించమని అడిగే హక్కు ఎవరిది?

పోయిన సెమిస్టర్ మా క్లబ్బు డిబేట్‌లో చీటీ తీస్తే నాకు వచ్చిన టాపిక్ ఇది: "బహిరంగ ప్రదేశాల్లో ముఖం కప్పే ముసుగును నిషేధించాలి." నేను నిషేధం వైపు మాట్లాడాలి. రెండు రాత్రులు కూర్చుని పాయింట్లు రాసుకున్నాను. భద్రత అన్నాను, స్త్రీ స్వేచ్ఛ అన్నాను, ఫ్రాన్స్ లాంటి దేశమే చేసింది కదా అన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి. ప్రైజు కూడా వచ్చింది.

అయిపోయాక మెట్ల దగ్గర ఒక క్లాస్‌మేట్ నన్ను ఆపింది. "మా అమ్మ ముఖం కప్పుకునే బయటికెళ్తుంది. నువ్వు చెప్పిన చట్టం రేపు నిజంగా వస్తే ఆమె ముసుగు తీసేస్తుందంటావా, బయటికి రావడమే మానేస్తుందంటావా?" అని అడిగింది. కోపంగా కాదు, మామూలుగానే. నా దగ్గర జవాబు లేదు. ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. ఫ్రాన్స్, ఫ్రాన్స్ అని స్టేజి మీద నాలుగుసార్లు అన్నాను గానీ, ఆ చట్టాన్ని నేను చదవనేలేదు.

తర్వాత చదివాను. చట్టం, దాని మీద వచ్చిన తీర్పులు, రెండు వైపుల వాదనలు. మన డిబేట్లలో ఈ టాపిక్ మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి, చదివినది ఒక పాఠంలా ఇక్కడ పెడుతున్నాను. ముందే ఒక మాట: ఇది మతం గురించిన వ్యాసం కాదు. ఒక ప్రభుత్వం ఒక మనిషిని "నీ ముఖం చూపించు" అని ఎప్పుడు, ఎక్కడ, ఏ కారణంతో అడగొచ్చు అన్నదే ఇక్కడి ప్రశ్న.

ముందు పదాలు సరిచేసుకుందాం

మనం మాటల్లో అన్నిటినీ బురఖా అనేస్తాం. వాదన సగం ఇక్కడే తప్పు దారి పడుతుంది. తల, మెడ కప్పి ముఖం వదిలేసేది హిజాబ్. కళ్లు మాత్రం కనిపించేలా ముఖం కప్పేది నిఖాబ్. కళ్ల దగ్గర కూడా జాలీ ఉండి మొత్తం కప్పేసేది అఫ్ఘానిస్తాన్ తరహా బురఖా. హైదరాబాద్‌లోనో, కర్నూలులోనో మనం చూసే నల్ల గౌనును కూడా బురఖానే అంటాం. కానీ దాన్ని వేసుకునే చాలామంది ముఖం తెరిచే ఉంచుకుంటారు. అలాంటి వాళ్లు పారిస్ వీధిలో నడిచినా ఈ ముసుగు చట్టం వాళ్లకి వర్తించదు. ఆ చట్టం ముఖం గురించే.

ఇంకో రెండు విషయాలు కలపకూడదు. ఫ్రాన్స్‌లోనే 2004లో వచ్చిన చట్టం వేరు. అది ప్రభుత్వ స్కూళ్లలో విద్యార్థులు కొట్టొచ్చినట్టు కనిపించే మత చిహ్నాలు ధరించకూడదన్నది. 2022లో కర్ణాటకలో నడిచిన వివాదం కూడా వేరు. అది క్లాస్‌రూమ్‌లో హిజాబ్ గురించి. డిబేట్‌లో నేను ఈ మూడింటినీ ఒకే గంపలో వేసి మాట్లాడాను. ఎవరూ పట్టుకోలేదు, ఎందుకంటే అవతలి వైపు వాళ్లు కూడా అదే చేశారు. ముసుగులో గుద్దులాట అంటారే, అచ్చం అలాగే జరిగింది మా డిబేట్.

చట్టంలో నిజంగా ఏముంది?

2009 జూన్‌లో అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు నికొలా సర్కోజీ, బురఖాకి తమ దేశంలో చోటు లేదని పార్లమెంటు ఉభయ సభల ముందు ప్రకటించాడు. తర్వాత పార్లమెంటు ఒక కమిటీ వేసింది. అక్కడి ప్రభుత్వానికి న్యాయ సలహా ఇచ్చే అత్యున్నత సంస్థ, 2010 మార్చిలో, మొత్తంగా నిషేధిస్తే అది చట్టపరంగా నిలబడడం కష్టమని హెచ్చరించింది. అయినా బిల్లు ముందుకే వెళ్లింది. 2010 జూలైలో దిగువ సభలో 335 ఓట్లు అనుకూలం, వ్యతిరేకం ఒక్కటి. సెప్టెంబరులో సెనేట్‌లో 246కి ఒకటి. ఈ అంకెలు చూసి దేశమంతా ఒకే మాట మీద ఉందనుకోవద్దు. ప్రతిపక్షంలో చాలామంది ఓటింగులోనే పాల్గొనలేదు.

2010 అక్టోబర్ 11న చట్టమైంది, 2011 ఏప్రిల్ 11 నుంచి నిషేధం అమల్లోకి వచ్చింది. చిన్న చట్టం, మొత్తం ఏడు సెక్షన్లు. సారాంశం ఇది. బహిరంగ ప్రదేశంలో ముఖం దాచే దుస్తులు ఎవరూ వేసుకోకూడదు. బహిరంగ ప్రదేశమంటే రోడ్లు, జనం వచ్చిపోయే స్థలాలు, ప్రభుత్వ సేవలు అందే చోట్లు. ఉల్లంఘిస్తే 150 యూరోల దాకా జరిమానా, లేదా పౌరసత్వ పాఠాల కోర్సుకి హాజరు, లేదా రెండూ. ఒక మనిషిని బెదిరించో, బలవంతపెట్టో ముఖం కప్పిస్తే ఏడాది జైలు, 30,000 యూరోల జరిమానా. బాధితురాలు మైనర్ అయితే ఆ శిక్ష రెట్టింపు.

నాకు ఆశ్చర్యం అనిపించింది ఏంటంటే, చట్టంలో ఎక్కడా "బురఖా" అన్న మాట లేదు, "ఇస్లాం" అన్న మాట లేదు, "స్త్రీ" అని కూడా లేదు. "ఎవరూ" అని ఉంది. కానీ కింద మినహాయింపులు చూడండి: చట్టమే అనుమతించినవి (హెల్మెట్ లాంటివి), ఆరోగ్య కారణాలు, ఉద్యోగ అవసరాలు, ఆటలు, పండుగలు, కళా ప్రదర్శనలు. మన బ్రాంచ్ భాషలో చెప్పాలంటే, ఫంక్షన్ జనరల్‌గానే రాశారు. కానీ కండిషన్లన్నీ దాటాక లోపలికి వెళ్లే ఇన్‌పుట్ దాదాపు ఒక్కటే మిగిలింది.

ఎంతమంది కోసం ఈ చట్టం? 2009 చివర్లో వేసిన అంచనా ప్రకారం ఫ్రాన్స్‌లో ముఖం మొత్తం కప్పుకునే స్త్రీలు సుమారు 1,900 మంది. అప్పటి జనాభా దాదాపు ఆరున్నర కోట్లు. అంటే సుమారు 34 వేల మందికి ఒకరు.

నిషేధం వైపు ఉన్న నాలుగు కారణాలు

డిబేట్‌లో నేను కలగాపులగం చేసిన కారణాలను విడివిడిగా పెడితే నాలుగు తేలాయి.

మొదటిది భద్రత. ముఖం కనిపించకపోతే మనిషిని గుర్తుపట్టలేం.

రెండోది స్త్రీ పురుష సమానత్వం. ముసుగు ఆడవాళ్లకే ఎందుకు? వెనక తండ్రో, భర్తో, వాడకట్టో ఉండి ఒత్తిడి పెడుతుంటే ఆమె బయటికి చెప్పగలదా? ఈ వాదన తేలిగ్గా తీసెయ్యాల్సింది కాదు. అల్జీరియా మూలాలున్న ముస్లిం కుటుంబంలో పుట్టి, సర్కోజీ ప్రభుత్వంలో మంత్రిగా చేసిన ఫదెలా అమారా నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. ఆమె ఆ పేటల్లో పెరిగి, అక్కడి ఆడపిల్లల కోసం ఉద్యమం నడిపి వచ్చిన మనిషి.

మూడోది గౌరవం. ముఖం లేకుండా చెయ్యడమంటే ఆమెని మనిషిగా చెరిపెయ్యడమే అన్న భావన.

నాలుగోది ఫ్రెంచివాళ్లు "కలిసి బతకడం" అని పిలుచుకునేది. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం సమాజంలో కనీస మర్యాద, అది లేకపోతే పౌరుల మధ్య బంధమే ఉండదన్న ఆలోచన.

నేను ఈ నాలుగింటినీ ఒకదాని తర్వాత ఒకటి గబగబా చెప్పి, అన్నీ కలిపితే కేసు చాలా బలంగా ఉందన్న ఫీలింగ్ తెచ్చాను. కానీ ఒక కోర్టు ఈ నాలుగింటినీ విడదీసి, ఒక్కోదాన్ని జల్లెడ పట్టింది.

ఆ అమ్మాయి కేసు

చట్టం అమల్లోకి వచ్చిన రోజే, 2011 ఏప్రిల్ 11న, ఒక ఫ్రెంచి పౌరురాలు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకి వెళ్లింది. కోర్టు ఆమె పేరు బయటపెట్టలేదు. ఎస్.ఎ.ఎస్. అన్న అక్షరాలే ఉంటాయి. 1990లో పుట్టింది, కుటుంబానిది పాకిస్తాన్ మూలం. అప్పటికి ఆమెకి 20, 21 ఏళ్లు, అంటే మన సీనియర్ల వయసు. ఆమె చెప్పినది క్లుప్తంగా ఇది. నన్ను భర్త గానీ, కుటుంబం గానీ బలవంతపెట్టలేదు. నేను రోజంతా, ప్రతిచోటా ముఖం కప్పుకోను. ఎవరినీ ఇబ్బంది పెట్టడం నా ఉద్దేశం కాదు. బ్యాంకులోనో, ఎయిర్‌పోర్టులోనో తనిఖీకి అడిగితే ముఖం చూపిస్తాను. కానీ నాకు కావాలనిపించినప్పుడు కప్పుకునే వీలు ఉండాలి.

2014 జూలై 1న 17 మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది.

భద్రత వాదనని ఒప్పుకోలేదు. అనుమానం ఉన్నచోట, తనిఖీ అవసరమైనచోట ముఖం చూపించమనే నియమం పెడితే సరిపోయేదానికి, మొత్తం నిషేధం ఎక్కువైపోతుందంది. ఆలోచిస్తే మనకీ తెలిసిన విషయమే. మన పోలింగ్ బూత్‌లలో ముసుగు వేసుకొచ్చిన ఓటరును మహిళా సిబ్బంది చూసి పోల్చుకునే ఏర్పాటు ఉంటుంది. మార్చి దాటితే మన ఊళ్లలో స్కూటీ నడిపే అమ్మాయిల్లో చాలామంది ఎండకీ దుమ్ముకీ కళ్లు తప్ప ముఖమంతా చున్నీతో చుట్టుకుంటారు. ఆ చున్నీని చూసి భద్రత అని ఎవరం అరవలేదు.

సమానత్వ వాదననీ ఒప్పుకోలేదు. ఒక స్త్రీ తన హక్కుగా సమర్థించుకుంటున్న పనిని, ఆమె సమానత్వం కోసమే అంటూ ప్రభుత్వం నిషేధించడం కుదరదంది.

గౌరవం వాదనా నిలబడలేదు. చూసేవాళ్లలో చాలామందికి ఆ దుస్తులు వింతగా ఉండొచ్చు. అంతమాత్రాన వేసుకున్నవాళ్లు ఇతరులను అవమానిస్తున్నారని గానీ, తమ గౌరవం పోగొట్టుకుంటున్నారని గానీ అనలేమంది.

ఇక్కడిదాకా చదివి ఆమె గెలిచిందనుకున్నాను. గెలవలేదు. నాలుగోదైన "కలిసి బతకడం" ఒక్కదాన్నీ కోర్టు ఒప్పుకుంది. ఆ మాటకి హద్దులు స్పష్టంగా లేవని, దుర్వినియోగం కావొచ్చని తానే హెచ్చరించింది. బిల్లు మీద చర్చలో ముస్లింలపై ద్వేషంగా మాట్లాడినవాళ్ల గురించి ఆందోళన కూడా చెప్పింది. అయినా, తమ సమాజంలో ఎలా కలిసి బతకాలో నిర్ణయించుకునే వెసులుబాటు ఫ్రాన్స్‌కి ఉందని, శిక్ష కూడా తేలికైనదేనని, 15-2 ఓట్లతో చట్టాన్ని నిలబెట్టింది.

ఒప్పుకోని ఇద్దరు న్యాయమూర్తులు, ఆంజెలికా నుస్‌బెర్గర్, హెలెనా యేడర్‌బ్లూమ్, రాసిన మాటల సారం నన్ను చాలాసేపు ఆపేసింది. బహిరంగ ప్రదేశంలో మరో మనిషి తనకి ఇష్టం లేకపోయినా మనతో పరిచయం కలుపుకోవాలి అనే హక్కు ఎవరికీ లేదన్నారు. నలుగురిలో కలవకుండా విడిగా ఉండటం కూడా మనిషి హక్కేనన్నారు.

నాలుగేళ్ల తర్వాత, 2018లో, జరిమానా పడిన ఇద్దరు స్త్రీలు వేసిన వేరే ఫిర్యాదుల మీద ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ ఉల్టా నిర్ణయం చెప్పింది. ఫ్రాన్స్ వాళ్ల హక్కులు ఉల్లంఘించిందంది. ఇలాంటి చట్టం వాళ్లను కాపాడే బదులు ఇంటికే పరిమితం చెయ్యొచ్చు అని కూడా అంది. ఈ లైను చదివినప్పుడు మెట్ల దగ్గర విన్న ప్రశ్న గుర్తొచ్చింది. కమిటీ రాసినదీ, నా క్లాస్‌మేట్ అడిగినదీ ఒకటే.

కెమెరా ఆఫ్ పెట్టుకున్న క్లాసు

"కలిసి బతకడం" వాదన మాత్రం అంత తేలిగ్గా వదలదు. అందులో నిజం లేదని నేను అనలేను. కోవిడ్ టైమ్‌లో ఆన్‌లైన్ క్లాసులు గుర్తున్నాయా? అందరం కెమెరాలు ఆఫ్ చేసి కూర్చునేవాళ్లం. "గోడతో మాట్లాడుతున్నట్టుంది, ఒక్కరైనా ముఖం చూపించండ్రా" అని మా సార్ బతిమాలేవారు. పాఠం అర్థమైందో లేదో ఆయనకి మన ముఖాల్లోనే కనిపించేది. ముఖం లేకపోతే అవతలివాళ్లు ఏదో పోగొట్టుకుంటారన్నది నిజమే.

కానీ సార్‌కీ మనకీ మధ్య ఒక పని ఉంది. ఆయన చెప్పాలి, మనం వినాలి. ఆ పనికి ముఖం అవసరం కాబట్టి అడిగే హక్కు ఆయనకి ఉంది. అదే సార్ బజార్లో ఎదురుపడిన ముక్కూమొహం తెలియని మనిషిని ఆపి "ముఖం చూపించు" అనలేరు. వీధిలో ఆ ఇద్దరి మధ్య ఏ పనీ లేదు. నా తలకాయలో ముడి విడింది ఈ తేడా దగ్గరే. ముఖం అడిగే హక్కు చేసే పని నుంచి రావాలి. ఊరికే చూడాలనిపించడం నుంచి రాదు.

ఈ కొలతతో చూస్తే యూరప్ చట్టాలన్నీ ఒకటి కావని అర్థమవుతుంది. నెదర్లాండ్స్‌లో 2019 ఆగస్టు 1న వచ్చిన నిషేధం స్కూళ్లు, ఆసుపత్రులు, ప్రభుత్వ భవనాలు, బస్సులు, రైళ్ల వరకే. వీధికి వర్తించదు. ఫ్రాన్స్, బెల్జియం (2011), ఆస్ట్రియా (2017), డెన్మార్క్ (2018) వీధిని కూడా కలిపాయి. స్విట్జర్లాండ్‌లో 2021 మార్చిలో ప్రజల ఓటు పెడితే 51.2 శాతం నిషేధం కావాలన్నారు. అది 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. డచ్ చట్టంలో కొంత భాగాన్ని నేను సమర్థించగలను. టీచరు ముఖం పిల్లలకి కనిపించాలి అంటే అందులో పని ఉంది. బస్సులో కూర్చున్న ప్రయాణికురాలి దగ్గరికి వచ్చేసరికి ఆ పని ఏంటో నాకు కనిపించలేదు. వీధి దగ్గర అసలే లేదు.

మరి బలవంతం సంగతి?

ఇదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఎస్.ఎ.ఎస్. ఇష్టపడే వేసుకుందని ఒప్పుకుందాం. ఇష్టం లేకుండా వేసుకునే అమ్మాయి కోర్టుకి రాదు కదా? 2011లో ఓపెన్ సొసైటీ అనే సంస్థ ఫ్రాన్స్‌లో ముఖం కప్పుకునే 32 మందితో మాట్లాడి రిపోర్టు వేసింది. అందులో దాదాపు అందరూ ఇది సొంత నిర్ణయమనే చెప్పారు. కానీ 32 మంది చాలా చిన్న శాంపిల్. పైగా మాట్లాడటానికి ముందుకొచ్చే స్వేచ్ఛ ఉన్నవాళ్లే మాట్లాడతారు. కాబట్టి బలవంతం లేదని దీన్నిబట్టి తేల్చలేం.

బలవంతం ఉందనే అనుకుందాం. అప్పుడు చట్టం ఎవరి మీద పడాలి? బలవంతం చేసేవాడి మీద. ఫ్రాన్స్ చట్టంలో ఆ సెక్షన్ విడిగా ఉంది, శిక్ష కూడా పెద్దది. మరి అదే చట్టం బాధితురాలి దగ్గర 150 యూరోలు ఎందుకు వసూలు చేస్తోంది? ఆమె బలవంతంగా వేసుకుంటే ఆమెకి రెండు దెబ్బలు: ఇంట్లో ఒకటి, వీధిలో ఒకటి. ఇష్టంగా వేసుకుంటే ఆమెని విడిపించాల్సిన అవసరమే లేదు. ఏ లెక్కన చూసినా జరిమానా రసీదు తప్పు మనిషి చేతికే వెళ్తోంది. ఆ రసీదులన్నీ తాను కడతానని రషీద్ నెక్కాజ్ అనే వ్యాపారి ఏకంగా ఒక నిధే పెట్టాడు. అంటే జరిమానా వల్ల ముసుగు ఆగలేదు, డబ్బు కట్టేవాడు మారాడంతే.

ఒక పాత ఉదాహరణ కూడా ఉంది. ఇరాన్‌లో 1936లో రెజా షా ముసుగులు, తలగుడ్డలు నిషేధించాడు. పోలీసులు వీధుల్లో లాగేశారు. చాలామంది ఆడవాళ్లు అవమానం భరించలేక ఇల్లు కదలడం మానేశారు. 1979 విప్లవం తర్వాత అదే దేశంలో తల కప్పుకోవడం తప్పనిసరి అయింది. 2022లో మహ్సా అమీనీ పోలీసు కస్టడీలో చనిపోయాక, తలగుడ్డ తీసేసి అమ్మాయిలు వీధుల్లోకి వచ్చారు. ఒకసారి తియ్యమన్న రాజ్యం, ఇంకోసారి కప్పమన్న రాజ్యం. రెండుసార్లూ ఆడవాళ్ల బట్టల మీదికి వెళ్లింది పోలీసు చెయ్యే.

ఇలా అన్నానని ముసుగు నాకు నచ్చిందని కాదు. నిజం చెప్పాలంటే నచ్చదు. ముఖం కప్పడం మతంలో తప్పనిసరి కాదని చెప్పే ముస్లిం పండితులు చాలామంది ఉన్నారు. 2009లో కైరోలోని అల్-అజ్హర్ పెద్ద షేక్ తంతావీయే అది మతం కాదు, ఆచారం అన్నారు. ఆ చర్చ వాళ్లలో గట్టిగా జరగాలని కోరుకుంటాను. మన ఇళ్లలో ఆడపిల్లల బట్టల మీద జరిగే పంచాయితీల గురించి కూడా అలాగే జరగాలి. కానీ నాకు నచ్చకపోవడం వేరు, జరిమానా వెయ్యడం వేరు. డిబేట్‌లో నేను ఈ రెండింటి మధ్య గీత గియ్యలేదు.

మళ్లీ ఈ టాపిక్ వస్తే

ఇలాంటి టాపిక్ మీకు చీటీలో వస్తే, ఏ వైపు మాట్లాడినా మూడు ప్రశ్నలు ముందు పెట్టుకోండి. ఒకటి, నేను చెప్పే కారణం ఏది? నాలుగింటినీ కలపకుండా ఒక్కోటి విడిగా చెప్పగలనా? రెండు, ఆ కారణానికి ఎంత చట్టం కావాలి? తనిఖీ దగ్గర ముఖం చూపించమంటే సరిపోయేచోట దేశమంతా నిషేధం ఎందుకు? మూడు, అమలైన మర్నాడు ఆ చట్టం ఎవరి మీద పడుతుంది? ఆ మనిషి ఏం చేస్తుంది?

మూడో ప్రశ్న నాది కాదు. మెట్ల దగ్గర నాకు దొరికింది. సెలవుల తర్వాత ఆ క్లాస్‌మేట్‌ని క్యాంటీన్‌లో కలిసి, "వీధి వరకు నిషేధం నేను సమర్థించలేను, ఆ రోజు చట్టం చదవకుండానే మాట్లాడాను" అని చెప్పాను. "మరి క్లాసులో?" అంది. టీచరైతే కనిపించాలి అన్నాను. స్టూడెంట్ అయితే? ఎగ్జామ్ హాల్లో గుర్తుపట్టడానికి ఒకసారి చూపిస్తే చాలనుకుంటాను, మామూలు క్లాసు సంగతి ఇంకా ఆలోచిస్తున్నాను అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. టీచరుకైనా ఎందుకు చూపించాలి, గొంతు వినిపిస్తుంది కదా అంది. బెల్ కొట్టేదాకా వాదించుకున్నాం. ఈసారి ఇద్దరం ఒకే చట్టం గురించి మాట్లాడాం.